గురువారం కాటా

నా బియ్యం గదికి ఒకటే కిటికీ.
అందులోంచి పెన్న కట్ట కనపడతాది,
కట్ట మీద బర్రెలు కనపడతాయి.
వెంకటేశ్వరపురం చిన్నబళ్లో
ఇంకో గది ఖాళీ లేదని పెద్దసారు చేతులు తిప్పేస్తే
నేనే అన్నా:
"ఆ మేడాన్ని నా గదిలో కూచోమనండి సార్,
బియ్యం ఎవరికీ ఏం చెప్పవు."

గురువారం గురువారం వస్తాది హెప్సిబా మేడం,
ఆత్మకూరు బస్టాండులో ఆటో ఎక్కి, వారధి దాటి.
సంచిలో బంకమన్ను, మైనం పెన్సిళ్లు,
ఒక చెవి ఊడిన గుడ్డ కుందేలు.
మనసు డాక్టరంట. సూది లేదు, మాత్రల్లేవు.
"అడగడం కూడా తక్కువే వజ్రమ్మా" అంటాది,
"ఎక్కువ పని కూచోడమే."
కూచోడానికి జీతమా అనుకున్నా ఆరోజు,
అబద్ధమెందుకు.

ఒక బస్తా మీద ఆమె, ఒక బస్తా మీద బిడ్డ.
తలుపు అవతల పొయ్యికాడ నేను.
వినకూడదు. విన్నా
బియ్యం కడుగుతో పాటు పారబొయ్యాల.
అట్టా పారబోసినవి శానా ఉండాయి,
ఇక్కడ చెప్పను.

పెంచల వినీత్ సంగతి మాత్రం బడంతా చూసిందే.
మూడో క్లాసు. వీపు మీద బ్యాగు దించడు.
పాఠం వింటా దించడు, అన్నం తింటా దించడు,
ఒంటేలుకి పోతా దించడు.
"ఏందబ్బయ్యా, కాశీకా పయనం?" అని
నేనూ నవ్వినదాన్నే.
టీచరమ్మ ఒకసారి పట్టుకుని లాగితే
చెయ్యి కొరికినాడు.
కొరికినోణ్ణి కొట్టకుండా
తెచ్చి నా గది ముందర నిలబెట్టింది,
ఆ తల్లికి దణ్ణం.

మేడం దించమనలా.
"ఎంత బరువుందో చూద్దామా" అంది.
బియ్యం తూచే కాటా ఉండాది కదా నాది,
కొక్కానికి తనే తగిలించినాడు,
ఒక పట్టీ మాత్రం గుప్పిట్లోనే పెట్టుకుని.
మూడు కిలోల రెండొందలు.

లోపల పుస్తకాలు రెండే.
ప్లాస్టిక్ కవర్లో రేషన్ కార్డు,
చెల్లెలి గౌను, కొవ్వొత్తి, అగ్గిపెట్టె,
నేను పెట్టిన చిక్కీలు పదకొండు,
మెత్తబడిపోయి.
నీళ్లొచ్చిన రాత్రి వాళ్లమ్మ
బిడ్డల్ని మిద్దెక్కించి మళ్లీ కిందికి దిగిందంట,
ఈ కార్డు కోసం.
దిగింది, ఎక్కింది. ఏం కాలా.
ఆ మధ్యలో ఎంతసేపో
వాడికొక్కడికే తెలుసు.

వారానికొకటి తీసి నా గూట్లో పెట్టమంది మేడం.
తాళంచెవి నా మొలలో.
ఎప్పుడడిగితే అప్పుడు తెరిచి చూపించాల.
మొదట కొవ్వొత్తి. ఆ ఒక్కరోజే
నాలుగుసార్లు తెరిపించినాడు, ఉందా అని.
గోడమీద బొగ్గుతో రాసినా బరువు:
మూడు, రెండు ఎనిమిదొందలు, రెండున్నర.
తనిఖీకొచ్చినాయన "ఈ లెక్కేంది?" అంటే
"ఉప్పు సార్" అన్నా.

కార్తీకంలో నాలుగురోజులు ముసురు పట్టింది.
కొవ్వొత్తి, గౌను, అన్నీ మళ్లీ బ్యాగులోకే.
మూడు కిలోల నాలుగొందలు.
నాకు ఏడుపొచ్చింది. మేడం మాత్రం
"రాయి వజ్రమ్మా, అది కూడా రాయి" అంది.

ఈ నెల ఆమె రాలా.
ఆరు బళ్లకి ఒకతే అంట,
కాగితాలు యాడో ఆగినాయంట.
గురువారం పదకొండుకి
ఎసట్లో బియ్యం పోసి తిరిగితే
తలుపుకాడ వాడు.
"కాటా ఎయ్యక్కా."

మేడం మాదిరి నాకు మాటలు రావు.
వచ్చే మాట ఒకటుంది, "ఏం కాదులే నాయనా" అని,
దాన్ని నోట్లోనే మింగేసినా.
బస్తా మీద కూచున్నా.
రెండో బస్తా మీద వాడు.
బ్యాగు కొక్కానికి,
రెండు పట్టీలూ కొక్కానికే.
ముల్లు ఊగతా ఉండాది.
పొయ్యి మీద అన్నం పొంగతా ఉండాది,
పొంగనీ.